ఈస్ట్‌కి రంగేసి పారమీషియానికి పెట్టండి: కణం మింగడం, అరిగించుకోవడం కళ్ళారా చూసే పద్ధతి

ఇరవై రెండేళ్ళుగా జువాలజీ ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. కణభక్షణ, అంటే కణం నలుసుల్ని మింగడం, దాని మీద దిద్దిన జవాబులకు లెక్కే లేదు. దాదాపు అన్నిట్లోనూ ఒకటే వాక్యం: "తెల్ల రక్తకణం బాక్టీరియాను మింగి నాశనం చేస్తుంది." తప్పేం లేదు, మార్కులు వేసేస్తాను. కానీ ఆ 'మింగి'కీ 'నాశనం చేస్తుంది'కీ మధ్య ఎంత కథ నడుస్తుందో రాసినవాళ్ళలో చాలామందికి తెలీదు. మింగడం ఒక పని, చంపడం ఇంకో పని. రెంటికీ మధ్య కొన్ని నిమిషాల సందు ఉంటుంది. క్షయ బాక్టీరియా ఆ సందులోనే కాపురం పెడుతుంది.

ఆ సందును కంటితో చూపించే ప్రయోగం ఒకటుంది. పాతదే, నేను కనిపెట్టిందేమీ కాదు. కాంగో రెడ్ అనే రంగు గట్టి ఆమ్లం తగిలితే నీలంగా మారుతుంది. ఆ రంగు పట్టించిన ఈస్ట్‌ని పారమీషియం అనే ఏకకణ జీవికి పెడితే, ముద్ద ఎర్రగా లోపలికి వెళ్ళి, కాసేపటికి నీలం తిరుగుతుంది. ఎర్రగా ఉందంటే మింగడం అయింది, ఇంకేమీ కాలేదు. నీలం తిరిగిందంటే లోపల పని మొదలైంది. మామూలు కాలేజీ మైక్రోస్కోప్, ఒక గంట ఖాళీ సమయం ఉంటే చాలు. కాకపోతే పారమీషియాలను పెంచడానికి పది, పన్నెండు రోజుల ముందునుంచీ ఏర్పాటు చేసుకోవాలి.

తెల్ల రక్తకణాన్నే చూడొచ్చుగా?

ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, "మేడమ్, వేలు గుచ్చి రక్తం చుక్కే పెడదామా?" అని. వద్దంటాను. రక్తంతో పని అంటే జాగ్రత్తలు వేరు. పైగా తెల్ల కణం బతికి చురుగ్గా కదలాలంటే స్లైడ్‌ని ఒంటి వేడి దగ్గరే ఉంచాలి, ఆ ఏర్పాటు మామూలు ల్యాబ్‌లో ఉండదు. ఉన్నా, న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం అడ్డంగా కొలిస్తే 12 నుంచి 15 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అది మింగే స్టాఫిలోకాకస్ బాక్టీరియా ఒక మైక్రాన్. రంగు వేయకపోతే రెండూ కనీకనిపించకుండా ఉంటాయి. పారమీషియం కాడేటమ్ పొడవు 200 మైక్రాన్లు దాటుతుంది, గాజు గిన్నెను నల్ల కాగితం మీద పెడితే కంటికే తెల్ల నలుసులా కనిపిస్తుంది. ఈస్ట్ కణం ఐదు మైక్రాన్ల దాకా ఉంటుంది. చూసేవాడికి ఇంతకంటే సుఖం లేదు.

పారమీషియానికీ తెల్ల కణానికీ పోలికేమిటని అనుమానం రావచ్చు. ఆ పోలికను పట్టుకున్నవాడు ఇల్యా మెచ్నికాఫ్. 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఉంటున్నాడు. ఇంట్లోవాళ్ళు సర్కస్‌కి వెళ్తే తను మైక్రోస్కోప్ దగ్గర ఒంటరిగా కూర్చుని, అద్దంలా కనిపించే నక్షత్రచేప లార్వాలలో తిరిగే కణాలను చూస్తున్నాడు. ఏకకణ జీవి తిండి కోసం చేసే పనినే ఈ కణాలు ఒంటి రక్షణ కోసం చేస్తున్నాయేమో అని తట్టింది. తోటలోంచి గులాబీ ముళ్ళు తెచ్చి లార్వా చర్మంలో గుచ్చాడు. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకూ పాల్ ఎర్లిక్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. మనం చేయబోయేది ఆయన ఆలోచనను వెనకనుంచి నడిచి రావడమే. ముందు తిండి చూస్తాం, తర్వాత రక్షణ సంగతి.

పారమీషియాలను పెంచడం

గుప్పెడు ఎండుగడ్డిని ముక్కలు చేసి లీటరు నీళ్ళలో పావుగంట మరిగించండి. చల్లారాక మూత బిగించకుండా, పలచటి గుడ్డ కప్పి రెండు రోజులు వదిలేయండి. నీళ్ళు కాస్త మసకబారి ముక్కవాసన వస్తుంది. బాక్టీరియా పెరిగిందన్న మాట, పారమీషియాలకు అదే మేత. అప్పుడు చెరువు గట్టునుంచి, కుళ్ళిన ఆకులున్న చోటునుంచి, ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి కలపండి. వారం, పది రోజుల్లో నీటి పైభాగాన, అంచుల దగ్గర తెల్లటి పొగలాంటి తెర కడుతుంది. డ్రాపర్‌తో అక్కణ్ణుంచే తీయండి. అడుగునుంచి తీస్తే చెత్త తప్ప ఏమీ రాదు.

కుళాయి నీళ్ళు నేరుగా పోయకండి, క్లోరిన్‌కి అన్నీ చచ్చిపోతాయి. ఒక రోజు మూత తీసి ఉంచిన నీళ్ళయితే ఫర్వాలేదు. సిద్ధంగా పెంచిన కల్చర్ కొనుక్కోగలిగితే ఈ తిప్పలేవీ లేవు. నాకు మాత్రం చెరువు నీళ్ళే ఇష్టం, పారమీషియంతో పాటు పిలవని చుట్టాలు నాలుగైదు రకాలు కనిపిస్తాయి.

రంగు కలపడం, ఇక్కడే నేను బోల్తా పడ్డాను

మొదటిసారి ఈ ప్రయోగం చేయించినప్పుడు రంగు ఎంత ఎక్కువుంటే అంత బాగా కనిపిస్తుందనుకున్నాను. ఈస్ట్‌లో కాంగో రెడ్ దట్టంగా కలిపి, తలో చుక్క పోయించాను. మైక్రోస్కోప్‌లో చూస్తే అంతా ఎరుపు. పారమీషియం ఎక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో తెలియలేదు. విచిత్రం ఏమిటంటే, మర్నాడు వచ్చిన రికార్డుల్లో అందరూ చక్కటి నీలం రిక్తికలు (మింగిన ముద్దను పట్టి ఉంచే సంచులు) గీశారు, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే. ఒక్క అమ్మాయి మాత్రం వృత్తం గీసి, దాని నిండా ఎర్ర పెన్సిల్ రుద్ది తెచ్చింది. ఇదేంటమ్మా అంటే, "నాకు కనిపించింది ఇదే మేడమ్" అంది. పూర్తి మార్కులు తనకే వేశాను. మిగతావాళ్ళను ఏమనడానికీ నోరు రాలేదు, తప్పు నాది కదా.

అందుకని కొలత జాగ్రత్త. 10 మిల్లీలీటర్ల నీళ్ళలో అర గ్రాము డ్రై ఈస్ట్, అందులో సుమారు 30 మిల్లీగ్రాముల కాంగో రెడ్, అంటే చాకు మొనమీద నిలిచేంత. ఈ గొట్టాన్ని మరుగుతున్న నీళ్ళ గిన్నెలో పది నిమిషాలు ఉంచండి. ఉడికితే ఈస్ట్ చస్తుంది, చచ్చిన ఈస్టే రంగు బాగా పీలుస్తుంది. చల్లారాక కదపకుండా ఉంచితే ఈస్ట్ అడుగుకి దిగుతుంది. పైనున్న ఎర్ర నీళ్ళు వంపేసి, మామూలు నీళ్ళు పోసి, మళ్ళీ దిగనిచ్చి, మళ్ళీ వంపండి. మూడుసార్లు చేస్తే రంగు ఈస్ట్‌లో మాత్రమే మిగిలి, చుట్టూ నీళ్ళు తేటపడతాయి. నా మొదటి ప్రయోగం పాడయింది ఈ కడగడం లేకే. కాంగో రెడ్ పొడి ఒంటికి మంచిది కాదు. గ్లవ్స్ వేసుకోండి, పొడి ఎగరకుండా చూడండి, వంట గిన్నెలు వాడకండి.

స్లైడ్ పెట్టే ముందు రంగుకే ఒక పరీక్ష పెట్టండి. రంగు ఈస్ట్ ఒక చుక్క గాజుపలక మీద వేసి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క తగిలించండి. నీలం అవుతుంది. సోడా ఉప్పు నీళ్ళు కలిపితే తిరిగి ఎర్రబడుతుంది. పీహెచ్ (ఆమ్లం కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5 పైన ఎరుపు, 3 కిందికి దిగితే నీలం, మధ్యలో ఊదా. ఇది కళ్ళకి అలవాటయితే తర్వాత లెన్సు కింద తడబడరు.

ఇంకో మాట, దీపం గురించి. పాత మైక్రోస్కోప్‌లలో ఉండే పసుపు బల్బు వెలుగులో నీలం కాస్తా బూడిద రంగులా కనిపిస్తుంది. "మేడమ్, మారలేదు" అని సగం మంది అనేది దీనివల్లే. తెల్లటి ఎల్‌ఈడీ వాడండి.

స్లైడ్ పెట్టి చూడటం

పారమీషియం ఆగదు, అదే అసలు చిక్కు. దూదిని బాగా విడదీసి నాలుగైదు పోగులు స్లైడ్ మీద పరవండి. కల్చర్ చుక్క దాని మీద వేస్తే అవి పోగుల మధ్య గళ్ళల్లో ఇరుక్కుని, తిరగడం తగ్గిస్తాయి. ఇప్పుడు టూత్‌పిక్ కొనను రంగు ఈస్ట్‌లో ముంచి, ఆ చుక్కలో ఊరికే తాకించండి. చుక్క పోయొద్దు, తాకించండి అంతే. తాకించిన క్షణాన వాచీ చూసి టైమ్ రాసుకోండి. కవర్‌స్లిప్‌ని ఒక అంచు ముందు ఆనించి మెల్లగా వాల్చండి. నేను కవర్‌స్లిప్ మూలలకి కాస్త వ్యాజిలిన్ రాస్తాను, లేకపోతే బరువుకి పారమీషియం నలిగి పగిలిపోతుంది.

ముందు 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో ఒకదాన్ని పట్టుకుని, తర్వాత 40కి వెళ్ళండి. వెలుగు తగ్గించుకోవాలి, డయాఫ్రమ్ కాస్త మూస్తే అంచులు తేలతాయి.

ఒంటి పక్కన ఏటవాలుగా ఒక గాడి కనిపిస్తుంది. దాంట్లో శైలికలు, అంటే సన్నటి వెంట్రుకల్లాంటివి, ఆగకుండా కొట్టుకుంటూ, నీళ్ళతో పాటు ఈస్ట్‌ని లోపలికి ఊడుస్తుంటాయి. గాడి చివర సన్నటి గొంతు. చూపు అక్కడే నిలపండి. గొంతు అడుగున ఎర్ర ఈస్ట్ గింజలు ఒకటి, రెండు, ఐదు, పది చేరతాయి. వాటిని పట్టిన సంచి బుడగలా ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి, ఒక్కసారిగా తెగి విడిపోయి, కణం లోపలికి జారుకుంటుంది. ఆ వెంటనే అదే చోట ఇంకో సంచి మొదలు. సంచి తెగే ఆ క్షణాన్ని మొదటిసారి చూసినవాళ్ళు అప్రయత్నంగా "హా" అంటారు. ఇన్నేళ్ళయినా నాకూ అంతే.

ఆ సంచి గోడ ఎక్కణ్ణుంచి వచ్చింది? కణత్వచమే. కణం బయటి తోలే లోపలికి మడిచి, మూతి కట్టి, తెంపి తీసుకుంది. దాన్నే ఆహార రిక్తిక అంటాం.

ఇక వాచీ పని. నా నోటు పుస్తకంలో సాధారణంగా ఇలా ఉంటుంది. మూడు నిమిషాలకి రెండో మూడో రిక్తికలు, అన్నీ ఎరుపు. ఎనిమిది, పది నిమిషాలకి ముందు పుట్టినవి ఊదాగా, ఒకటి రెండు పక్కా నీలంగా, కాస్త చిన్నవి కూడా అయి ఉంటాయి. గొంతు దగ్గరున్న కొత్తవి ఇంకా ఎర్రగానే ఉంటాయి. అరగంట దగ్గర పడేసరికి కొన్ని నీలాలు మళ్ళీ ఎరుపుకి తిరుగుతాయి. అంటే ఒకే కణంలో ఒకేసారి మూడు దశలూ కనిపిస్తాయి. మీ కల్చర్‌ని బట్టి, గది వేడిని బట్టి ఈ నిమిషాలు అటూ ఇటూ అవుతాయి, కంగారు పడొద్దు. చుక్క ఎండుతున్నట్టు అనిపిస్తే కవర్‌స్లిప్ అంచున ఒక నీటి బొట్టు పెట్టండి.

మళ్ళీ ఎర్రబడటం చూసి పిల్లలు ప్రయోగం పాడైందనుకుంటారు. కాదు. పారమీషియంలో ముందు ఆమ్లం నిండిన చిన్న సంచులు రిక్తికతో కలుస్తాయి, అప్పుడు లోపలి పీహెచ్ 3 దాకా పడిపోతుంది. ఈస్ట్ స్థానంలో బతికున్న బాక్టీరియా ఉంటే ఆ దెబ్బకే చస్తుంది. ఆ తర్వాత లైసోజోమ్‌లనే అరిగించే సంచులు వచ్చి ఎంజైమ్‌లు పోస్తాయి, ఆమ్లం తగ్గుతుంది, రంగు వెనక్కి తిరుగుతుంది. చంపడం ముందు, అరిగించడం తర్వాత. చివరికి మిగిలిన పిప్పిని ఒంటి వెనక భాగంలో ఒక స్థిరమైన చోట బయటికి తోసేస్తుంది. అది చూడాలంటే అదృష్టం కలిసి రావాలి, సెకన్ల పని.

చలికి ఏమవుతుందో చూడండి

టైమ్ ఉంటే ఇది తప్పకుండా చేయండి. కల్చర్‌ని రెండు చిన్న గొట్టాల్లో పోసి, ఒకటి ఐసు నీళ్ళలో పావుగంట ఉంచండి, రెండోది బల్ల మీదే. రెండింట్లోనూ ఒకేసారి రంగు ఈస్ట్ తాకించి, పది నిమిషాలకి స్లైడ్ పెట్టి, ఒక్కోదాంట్లో ఐదేసి పారమీషియాల రిక్తికలు లెక్కపెట్టి సగటు తీయండి. చలిలో ఉన్నదాంట్లో లెక్క బాగా పడిపోతుంది. మింగడం ఊరికే జరిగే పని కాదు, కణం ఖర్చు పెట్టి చేస్తుందని అక్కడ అర్థమవుతుంది.

తెల్ల కణాలతో పరిశోధనలు చేసేవాళ్ళు ఇదే కిటుకు ఇంకో రకంగా వాడతారు. మాక్రోఫేజ్‌లనే మింగుడు తెల్ల కణాలను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి బాక్టీరియా వేస్తే, బాక్టీరియా పైన అంటుకుంటుంది గానీ లోపలికి వెళ్ళదు. వేడి చేయగానే ఒక్కుమ్మడిగా మింగుడు మొదలవుతుంది. అంటుకోవడం వేరు, మింగడం వేరు అని అలా విడదీసి చూస్తారు. ఇలా విడదీస్తూ పోతే కణభక్షణ ఒక పనిలా కనిపించడం మానేస్తుంది, ఐదారు పనుల గొలుసులా కనిపిస్తుంది.

ఇప్పుడు తెల్ల కణం దగ్గరికి

ముందు ఒక బుడగ తెచ్చుకోండి. సగం గాలి ఊది మూతి కట్టి, దాంట్లోకి మీ పిడికిలి నొక్కండి. రబ్బరు చుట్టూ కమ్ముకుని చెయ్యి దాదాపు కనిపించకుండా పోతుంది. అయినా చెయ్యి బుడగ లోపలి గాలిని తాకలేదు, రబ్బరుకి అటువైపే ఉంది. మింగిన బాక్టీరియా సరిగ్గా అంతే. కణం నడిమధ్యలో ఉంటుంది, కానీ కణద్రవ్యాన్ని తాకదు, మధ్యలో పొర ఉంది. నోట్లో పడ్డదంతా ఒంట పట్టినట్టు కాదు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే, తర్వాత వచ్చే దొంగ బాక్టీరియాల కథలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

తెల్ల కణానికి పారమీషియంలా గాడీ గొంతూ లేవు. ఒంటి మీద ఎక్కడైనా నోరే. 0.5 మైక్రాన్ కంటే పెద్ద నలుసు దేన్నయినా పట్టగలదు, కానీ ముందు దాన్ని వెతుక్కోవాలి. బాక్టీరియా తయారు చేసే ప్రోటీన్లు ఫార్మిల్ మెథియోనిన్ అనే ప్రత్యేక అణువుతో మొదలవుతాయి. న్యూట్రోఫిల్ ఆ వాసన పట్టి, గాఢత ఎటు ఎక్కువుందో అటు పాకుతుంది. 1950లలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ తీసిన చిన్న చలనచిత్రంలో, ఎర్ర కణాల గుంపు మధ్య ఒక న్యూట్రోఫిల్ స్టాఫిలోకాకస్‌ని తరిమి తరిమి పట్టుకుంటుంది. ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. పారమీషియం ప్రయోగం అయ్యాక చూపించండి, ముందు కాదు. ముందే చూపిస్తే స్లైడ్ వైపు ఎవరూ చూడరు.

పట్టుకోవడానికి ఊత కావాలి. బాక్టీరియా పైతొక్క తరచూ జారుడుగా ఉంటుంది, దాని మీద ప్రతిదేహాలు, కాంప్లిమెంట్ ప్రోటీన్లు అతుక్కుంటే తెల్ల కణం గ్రాహకాలకు పట్టు దొరుకుతుంది. ఆల్మ్‌రోత్ రైట్ 1903లో వీటికి ఆప్సోనిన్‌లని పేరు పెట్టాడు, తినడానికి సిద్ధం చేయడం అనే అర్థమున్న గ్రీకు మాటనుంచి.

నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటి 1970లలో జరిగింది. మాక్రోఫేజ్‌కి రెండు రకాల మేత ఇచ్చారు. ఒకదానికి చుట్టూతా ప్రతిదేహాలు పూశారు, రెండోదానికి ఒక పక్క మాత్రమే. చుట్టూ పూసినదాన్ని మాక్రోఫేజ్ మింగేసింది. ఒక పక్క పూసినదాన్ని ఆ పక్క వరకూ పట్టుకుని అక్కడే ఆగిపోయింది. అంటే ఒకసారి తాకగానే గుటుక్కున మింగడం అనేది లేదు. జిప్ ఎక్కినట్టు, ఒక పన్ను తర్వాత ఒక పన్ను పట్టుకుంటూ త్వచం ముందుకి పాకాలి. పన్ను లేని చోట జిప్ ఆగుతుంది. త్వచాన్ని వెనకనుంచి తోసేది ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు. ఐసు నీళ్ళలో చల్లబడిపోయింది ఇలాంటి తోపుడే.

జిప్ పూర్తయి మూతి కట్టాక ఏర్పడిన సంచిని ఫాగోసోమ్ అంటారు. పారమీషియం ఆహార రిక్తికకి ఇది చుట్టం. కానీ ఇక్కణ్ణుంచి దారులు వేరు. మాక్రోఫేజ్ సంచిలో పీహెచ్ మెల్లగా 5 దాకా, ఇంకొంచెం కిందికి దిగుతుంది, లైసోజోమ్‌లు కలుస్తాయి. కాంగో రెడ్ పెట్టినా పారమీషియంలోలా పక్కా నీలం రాదు, అంత ఆమ్లం ఉండదు. న్యూట్రోఫిల్‌ది ఇంకో దారి. సంచి గోడమీద ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గుంపు కూడి, ఆక్సిజన్‌ని గబగబా లాగి సూపర్ ఆక్సైడ్‌గా మార్చి సంచిలోకి వదులుతుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. మైలోపెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఆ పెరాక్సైడ్‌నీ క్లోరైడ్‌నీ కలిపి హైపోక్లోరస్ ఆమ్లం చేస్తుంది. బట్టల బ్లీచ్‌లో పనిచేసే సరుకు ఇదే. ఒక్క మైక్రాన్ ప్రాణి మీద ఇంత మందుగుండు.

చీము పచ్చగా ఎందుకుంటుందని ఎప్పుడైనా అనుకున్నారా? ఆ ఆకుపచ్చ ఛాయ మైలోపెరాక్సిడేజ్‌దే. గాయం దగ్గర పని ముగించుకుని చచ్చిన న్యూట్రోఫిల్‌లే చీములో ముఖ్య భాగం. ఈ సంగతి చెప్పాక క్లాసులో మొటిమ గిల్లుకునేవాళ్ళు కాసేపు ఆగుతారు.

మింగగలదు, చంపలేదు

ఆక్సిడేజ్ పుట్టుకతోనే చెడిపోయి ఉంటే? అలాంటి జబ్బు ఉంది, క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్. 1950లలో వైద్యులు గుర్తించారు. ఆ పిల్లల న్యూట్రోఫిల్‌లు బాక్టీరియాను వెతుకుతాయి, పడతాయి, మింగుతాయి, అంతా మామూలే. కొన్ని రకాల బాక్టీరియా, బూజులు మాత్రం లోపల చావవు. దానికి పాత పరీక్ష కూడా రంగుతోనే చేసేవారు. నైట్రోబ్లూ టెట్రాజోలియం అనే పసుపు రంగు ఇస్తే, ఆరోగ్యంగా ఉన్న న్యూట్రోఫిల్ దాన్ని ముదురు నీలంగా మార్చేస్తుంది. ఈ పిల్లల కణాల్లో రంగు మారదు. మన ప్రయోగంలో ఎర్రగానే ఉండిపోయిన రిక్తికను ఊహించుకోండి, అదీ వీళ్ళ పరిస్థితి.

పరీక్షకు పటం గీసేవాళ్ళకి నా సలహా ఇది. నాలుగు గళ్ళు గీయండి: అంటుకోవడం, చుట్టుకోవడం, సంచి కట్టడం, లైసోజోమ్‌తో కలవడం. గళ్ళలో ఏం గీసినా ఫర్వాలేదు, అసలు శ్రద్ధ గళ్ళ మధ్య బాణాల మీద పెట్టండి. ఒక్కో బాణం మీద దాన్ని తెంపే బాక్టీరియా పేరు రాయండి. న్యుమోనియా తెచ్చే స్ట్రెప్టోకాకస్ ఒంటి చుట్టూ జిగురు తొడుగు కట్టుకుని, మొదటి గడిలోనే పట్టు దొరకనివ్వదు. క్షయ బాక్టీరియా మూడో గడి దాకా హాయిగా వస్తుంది, లైసోజోమ్‌ని మాత్రం కలవనివ్వదు. 1971లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూపించింది ఇదే. సంచిలో పీహెచ్ 6 పైనే నిలిచిపోతుంది. లిస్టీరియా అనే బాక్టీరియా ఆగకుండా సంచికే చిల్లి పెట్టి కణద్రవ్యంలోకి దూకుతుంది, పైగా ఆ కణం ఆక్టిన్‌నే తోకలా కట్టుకుని పక్క కణంలోకి దూసుకుపోతుంది. బుడగలో మీ పిడికిలి రబ్బరు చించుకుని లోపలికి వెళ్ళడం లాంటిది. కాక్సియెల్లా అనే ఇంకో బాక్టీరియా అయితే లైసోజోమ్ కలిసేదాకా ఎదురుచూసి, ఆ ఆమ్లంలోనే పెరుగుతుంది. దాన్ని ఏ బాణం మీద రాయాలో పిల్లలకే వదిలేస్తాను, క్లాసులో వాదన బాగుంటుంది.

ఒక జాగ్రత్త. ఈ పటం చూసి మాక్రోఫేజ్ అంటే ఎప్పుడూ యుద్ధంలోనే ఉంటుందనుకోకండి. దాని రోజువారీ పని చాలామటుకు పాకీ పనే. ప్లీహం, కాలేయంలోని మాక్రోఫేజ్‌లు సెకనుకు సుమారు 20 లక్షల ముసలి ఎర్ర రక్తకణాలను మింగి, ఇనుమును తిరిగి వాడకానికి పంపుతాయి. మనం ఈ పేరా చదివేలోపు ఎన్ని కోట్లు అయ్యాయో లెక్క వేసుకోవచ్చు.

ఈస్ట్ బదులు ఇంకు

ప్రయోగం బాగా కుదిరితే, మిగిలిన కల్చర్‌తో ఒక కొసరు చేయండి. ఈస్ట్ బదులు బాగా పలచన చేసిన ఇండియన్ ఇంకు పెట్టండి. అందులో ఉండేది మసి నలుసులు. పారమీషియం వాటినీ మింగుతుంది, నల్లటి రిక్తికలు వరసగా కడతాయి. ఎంతసేపు చూసినా నలుపు నలుపే, అరిగేదేమీ లేదు. కాసేపటికి వెనక ద్వారం నుంచి నల్ల పిప్పి బయటపడుతుంది. ఈస్ట్‌తో దొరకని ఆ క్షణం ఇంకుతో తేలిగ్గా దొరుకుతుంది, నలుపు దాగదు కాబట్టి.

మాక్రోఫేజ్‌కి అలాంటి వెనక ద్వారం లేదు. పచ్చబొట్టు పొడిచినప్పుడు చర్మంలో చేరిన రంగు నలుసులను అక్కడి మాక్రోఫేజ్‌లు మింగి, అరగక, ఊసేయలేక, అలాగే మోస్తూ కూర్చుంటాయి. అవి చచ్చిపోతే వదిలిన రంగును పక్కనున్న కొత్తవి మళ్ళీ మింగుతాయని 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. పచ్చబొట్టు ఏళ్ళ తరబడి చెదరకుండా ఉండటానికి అదొక కారణం.

ఇంకు కొనేటప్పుడు చూసుకోండి. ఫౌంటెన్ పెన్ ఇంకు పనికిరాదు. దాని రంగు నీళ్ళలో కరిగిపోయేది, నలుసులుండవు, రిక్తికలో ఏమీ కనిపించదు. బొమ్మలు గీసేవాళ్ళు వాడే మసి ఇంకే కావాలి. అందులోనూ కొన్నిటిలో లక్క, నిలవ మందులు కలుపుతారు, వాటికి పారమీషియాలు చచ్చిపోతాయి. ముందు ఒక చుక్క కల్చర్‌లో ఇంకు వేసి ఐదు నిమిషాలు చూసి, ఇంకా ఈదుతుంటేనే మిగతాది వాడండి.